విచారణను మూసేటప్పుడు విశ్వాసుల మాట చెల్లుతుందా?

మా వీధిలో ఒక కతోలిక కుటుంబం ఉన్నది. వారి బంధువొకరు గురువుగా అభిషిక్తులై, కొన్ని సంవత్సరాలుగా అమెరికాలోని ఒక మేత్రాసనంలో సేవ చేస్తున్నారు. మొన్నటి క్రిస్మస్ సెలవులలో ఆ ఇంటి పెద్దాయన మా ఇంటికి వచ్చి, కాఫీ పుచ్చుకుంటూ ఒక ప్రశ్న వేశారు. "మాస్టారూ, మా ఫాదరుగారు అక్కడ మూడు గుడులు ఒక్కరే చూసుకుంటున్నారంట. వాటిలో ఒకదాన్ని మూసేస్తారని మాట నడుస్తా ఉందంట. గుడి కట్టుకున్నది ఆ ఊరోళ్లు, చందాలిచ్చింది ఆ ఊరోళ్లు. మూసేటప్పుడు వాళ్లనొక మాట అడగరా?"

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. తరువాత కొంత చదివి తెలుసుకొన్నాను. ఈ సంగతి ఆ ఒక్క కుటుంబానికే కాక, పక్క భాషల వారి నడుమ మన భాషను, మన చిన్న సంస్థలను నిలుపుకొంటున్న సరిహద్దు గ్రామాల వారందరికీ పనికివస్తుందని తోచి ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా మాటల సంగతి. ఒక గురువు పర్యవేక్షణలో, నిర్ణీతమైన హద్దులలో ఉండే విశ్వాసుల సముదాయాన్ని తెలుగు కతోలికులు "విచారణ" అంటారు. ఆ గురువు విచారణ గురువు. అనేక విచారణలు కలిస్తే ఒక మేత్రాసనం. దానికి అధిపతి మేత్రాణులు. గురువులు, మఠవాసులు కాక మిగిలిన విశ్వాసులు గృహస్థులు. విచారణ అనే మాటకు మనకు మరొక అర్థం కూడా ఉన్నది కదా, అడిగి తెలుసుకోవడమని. మూసే ముందు ఆ రెండవ విచారణ జరిగినదా లేదా అన్నదే ఇరవై ఏళ్లుగా అమెరికాలోను, జర్మనీలోను నడుస్తున్న తగాదా అంతా.

నిర్ణయం ఎవరిది?

కతోలిక శ్రీసభకు 1983లో వెలువడిన శాసనసంహిత ఒకటి ఉన్నది. రోమును అనుసరించే లతీను శ్రీసభ అంతటికీ, అనగా బోస్టన్‌కైనా బళ్లారికైనా, అదే చట్టం. అందులోని 515వ శాసనం ప్రకారం విచారణను స్థాపించే అధికారం, రద్దు చేసే అధికారం, చెప్పుకోదగినంతగా మార్చే అధికారం ఒక్క మేత్రాణులకే ఉన్నవి. అయితే ఆ పని చేసే ముందు ఆయన గురువుల సలహామండలి అభిప్రాయాన్ని వినితీరవలెను. విన్న తరువాత దానిని అంగీకరించవలెనన్న నియమం లేదు. వినకపోతే మాత్రం ఆ ఆజ్ఞ చెల్లదు.

మరి గృహస్థుల మాట? 212వ శాసనం విశ్వాసులకు తమ అభిప్రాయాన్ని కాపరులకు తెలియజేసే హక్కు ఉన్నదని, కొన్ని వేళల అది వారి బాధ్యత కూడానని అంటుంది. ప్రతి విచారణలో ఆర్థిక సంఘం ఉండవలెను. సలహా సంఘం ఉండవచ్చును, కానీ దానిది సలహా మాత్రమే, నిర్ణయం కాదు. ఎవరి హక్కులకైనా భంగం కలిగించగల ఆజ్ఞను జారీ చేసే ముందు, సాధ్యమైనంత వరకు వారిని వినవలెనని 50వ శాసనం చెబుతుంది. 51వ శాసనం ప్రకారం ఆజ్ఞ వ్రాతపూర్వకంగా ఉండవలెను, కారణాలను కనీసం సంక్షిప్తంగానైనా చూపవలెను.

కాబట్టి పెద్దాయన ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు ఇది: అడుగుతారు, అడగవలసిందే, అయితే ఓటు లేదు. ఇది విని ఆయన పెదవి విరిచారు. "అడిగి ఏం లాభం మరి?" అన్నారు. అక్కడే అసలు కథ మొదలవుతుంది. ఓటు లేని మాటకు కూడా కొన్నిచోట్ల బరువు వచ్చినది, కొన్నిచోట్ల రాలేదు. ఆ తేడా దేనివలన కలిగినదన్నదే తెలుసుకోదగిన విషయం.

నాకు తెలిసిన ఒక చిన్న అనుభవం చెప్పి ముందుకు పోతాను. సరిహద్దులోని ఒక పల్లెలో తెలుగు మాధ్యమ పాఠశాలలో పిల్లలు తగ్గారని, దానిని పక్క ఊరి బడిలో కలపదలచారు. ఎస్.డి.ఎం.సి. సభ్యులను పిలిచారు. వెళ్లి చూస్తే ఠరావు పుస్తకంలో తీర్మానం అప్పటికే వ్రాసి ఉన్నది, కింద సంతకాలకు గీతలు కూడా గీసి ఉన్నవి. నేనూ ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాను. "మీ అభిప్రాయం చెప్పండి" అన్నారు కానీ, చెప్పిన అభిప్రాయం వ్రాయడానికి ఆ పుటలో చోటు లేదు. బోస్టన్ కథ చదువుతున్నప్పుడు ఆ ఠరావు పుస్తకం నా కళ్ల ముందు కదలాడినది.

బోస్టన్‌లో జరిగినది

2002లో బోస్టన్ అగ్రపీఠంలో కొందరు గురువులు పిల్లలపై చేసిన లైంగిక అత్యాచారాలు, వాటిని పెద్దలు దాచిన తీరు పత్రికల ద్వారా వెల్లడైనవి. 2003లో 552 మంది బాధితులకు 8.5 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వడానికి ఒప్పందం కుదిరినది. అదే ఏడు అక్కడికి అగ్రపీఠాధిపతిగా వచ్చిన షాన్ ఓ'మాలీ, 2004లో విచారణల సంఖ్యను తగ్గించే పని చేపట్టారు. గురువులు తగ్గారు, పూజకు వచ్చే జనం తగ్గారు, పాత కట్టడాల మరమ్మతులు భారమైనవి, నగరంలోని జనం శివార్లకు తరలిపోయారు, ఇవీ చూపిన కారణాలు. పరిహారపు సొమ్ము కోసం గుడులు అమ్మడం లేదని ఆయన పదేపదే చెప్పారు. అగ్రపీఠాధిపతి నివాసభవనాన్ని, దాని చుట్టుపక్కల భూమిని ఒక కళాశాలకు అమ్మి ఆ సొమ్ము సమకూర్చే ఏర్పాటు చేశారు కూడా. అయినా జనం నమ్మలేదు. ఒకసారి నమ్మకం పోయిన చోట లెక్కలెన్ని చూపినా నిలవవు.

గృహస్థులను అడగలేదా అంటే, అడిగారు. ఇరుగుపొరుగు విచారణలను గుంపులుగా చేర్చి, ఒక్కొక్క గుంపులో గురువులు, గృహస్థ ప్రతినిధులు కూర్చుని, తమలో ఏ విచారణను మూయవచ్చునో సిఫారసు చేయమన్నారు. 2004 తొలి నెలలలో, కొద్ది వారాల గడువులోనే ఈ పని ముగించవలసి వచ్చినది. ఆలోచించండి. నాలుగు ఊళ్లవారిని ఒక గదిలో కూర్చోబెట్టి, మీలో ఎవరి బడి తీసివేయమంటారో మీరే తేల్చుకోండి అంటే ఏమవుతుంది? పెద్ద విచారణల మాట నెగ్గుతుంది, చిన్న విచారణ ఒంటరి అవుతుంది. తరతరాలుగా పెళ్లిళ్లకు, సమాధి కార్యక్రమాలకు ఒకరింటికి ఒకరు వచ్చిపోయినవారు ఆ వారాలలో ఒకరినొకరు శంకించుకొన్నారు. దీనిని సంప్రదింపు అనడానికి నా మనసు ఒప్పదు. మోయవలసిన భారాన్ని కింది వారి మీదికి దించడమే ఇది.

2004 మే 25న ప్రకటన వెలువడినది. అగ్రపీఠంలోని 357 విచారణలలో 65ను మూయదలచినట్లు చెప్పారు.

అటుపై జరిగినది ఎవరూ ఊహించలేదు. ఆ వేసవి చివర వేమౌత్ అనే పట్టణంలోని పునీత మహా ఆల్బర్టు విచారణవారు చివరి పూజ ముగిసిన తరువాత గుడి విడిచి వెళ్లలేదు. పగలు, రాత్రి వంతులు వేసుకుని లోపలే కూర్చున్నారు. మరికొన్ని విచారణల వారు అదే బాట పట్టారు. వృద్ధులు, పిల్లల తల్లులు, ఉద్యోగులు నిద్రసంచులు తెచ్చుకుని గుడి బెంచీల మీద పడుకున్నారు. ఈ జాగరణల ఒత్తిడి ఫలించినది కొంత. అదే ఏడు అక్టోబరులో అగ్రపీఠాధిపతి ఒక పరిశీలక సంఘాన్ని వేశారు. ఒక కళాశాల అధ్యక్షురాలైన మఠకన్య, ఒక గృహస్థుడు దానికి కలిసి సారథ్యం వహించారు. కొన్ని నిర్ణయాలను పునరాలోచించారు. 2005లో వేమౌత్ విచారణ తిరిగి తెరుచుకున్నది.

అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. బోస్టన్‌కు దక్షిణాన సముద్రతీరంలో సిచుయేట్ అనే ఊరు ఉన్నది. అక్కడి పునీత ఫ్రాన్సిస్ జేవియర్ కబ్రీని గుడి దాదాపు 30 ఎకరాల విలువైన స్థలంలో ఉండేది. 2004 అక్టోబరు 26న మొదలైన అక్కడి జాగరణ పదకొండేళ్లకు పైగా సాగినది. ఒక్క గంటైనా గుడి ఖాళీగా ఉండరాదని పట్టీ వేసుకుని వంతులవారీగా కూర్చున్నారు. గురువు లేకపోయినా ఆదివారాలు ప్రార్థనలు నడుపుకున్నారు. రోముకు అప్పీళ్లు వేశారు, అవి నిలవలేదు. 2015లో దేశ న్యాయస్థానం వారిని ఖాళీ చేయమన్నది. అక్కడి చట్టంలో అగ్రపీఠాధిపతి పదవియే ఒక సంస్థ, విచారణల భూములన్నీ ఆ సంస్థ పేరనే ఉన్నవి. చందాలిచ్చినది ఎవరైనా, పత్రంలో పేరు ఆయనదే. 2016 మే నెలలో అమెరికా సుప్రీం కోర్టు కేసు చేపట్టడానికి నిరాకరించినది. ఆ నెల 29వ తేదీ ఆదివారం చివరిసారి ప్రార్థించి వారు బయటకు వచ్చారు. జాగరణ మొదలైననాడు ఒకటవ తరగతిలో ఉన్న బిడ్డ ఆనాటికి ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసే వయసుకు వచ్చి ఉంటాడు.

బోస్టన్ పెద్దలు కూడా దీనినుండి కొంత నేర్చుకున్నారనే చెప్పవలెను. 2012లో మళ్లీ పునర్వ్యవస్థ చేయవలసి వచ్చినప్పుడు వారు మూసివేత జోలికి పోలేదు. అప్పటికి ఉన్న 288 విచారణలను సుమారు 135 జట్లుగా కూర్చి, ఒక జట్టుకు ఒక గురువును, ఒక సేవక బృందాన్ని ఇచ్చారు. ఏ విచారణకు ఆ విచారణ తన పేరుతో, తన ఆస్తితో నిలిచే ఉన్నది. ప్రతిపాదనను ముందు జనంలో పెట్టి, నెలల తరబడి సభలు జరిపి, మార్చుకుని, ఆ తరువాతనే ఆమోదించారు.

సముదాయం వేరు, కట్టడం వేరు

ఈ వ్యవహారంలో సామాన్యులు అందరూ పొరబడే చోటు ఒకటున్నది. విచారణ రద్దు కావడం, గుడి మూతపడడం ఒకటే అనుకుంటారు. చట్టం దృష్టిలో అవి రెండు వేరు వేరు పనులు. విచారణ అంటే మనుషుల సముదాయం, చట్టం గుర్తించిన ఒక "వ్యక్తి" వంటిది. గుడి అంటే ప్రతిష్ఠించిన కట్టడం. రెండు విచారణలను ఒకటిగా కలపడానికి న్యాయమైన కారణం ఉంటే చాలును. కానీ ఒక గుడిని ఆరాధన నుండి తప్పించి లౌకికమైన వాడుకకు ఇవ్వవలెనంటే, 1222వ శాసనం ప్రకారం, అది మరమ్మతుకు వీలులేనంతగా పాడై ఉండవలెను, లేదా తీవ్రమైన కారణం ఉండవలెను. మళ్లీ గురువుల మండలిని వినవలెను. ఆ గుడిమీద న్యాయమైన హక్కు గలవారి సమ్మతి తీసుకోవలెను. విశ్వాసుల ఆత్మల మేలుకు హాని కలగరాదు.

ఈ తేడాను పట్టుకుని గెలిచినవారు ఉన్నారు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఎలెన్‌టౌన్ మేత్రాసనంలో విచారణలను కలిపి, పలు గుడులకు తాళాలు వేశారు. విశ్వాసులు రోముకు అప్పీలు చేశారు. 2011లో వాటికన్‌లోని గురువుల వ్యవహారాల శాఖ చెప్పినదేమంటే, విచారణలను కలపడం సరియే, కానీ ఆ గుడులను ఆరాధనకు దూరం చేయడానికి తగిన తీవ్ర కారణం చూపలేదు. అనగా సముదాయం పోయినది, గుడి మిగిలినది. సగం గెలుపే కావచ్చును. అయినా తాతల సమాధుల దగ్గర ఏడాదికి నాలుగు పూజలైనా జరుపుకొనగలిగితే అది చిన్న విషయమేమీ కాదు.

2013 ఏప్రిల్ 30న అదే శాఖ దీనినంతటినీ వివరిస్తూ మార్గదర్శక సూత్రాలు జారీ చేసినది. విచారణను మార్చడం, గుడిని లౌకిక వాడుకకు మళ్లించడం, ఆస్తిని అమ్మడం, ఈ మూడింటికీ మూడు వేరు విధానాలున్నవని, ఒకదానిని అడ్డం పెట్టుకుని మరొకటి చేయరాదని చెప్పినది. మేత్రాసనంలో గుడుల సంఖ్య తగ్గించవలెనన్న సాధారణ ప్రణాళిక, విచారణ రద్దయినదన్న సంగతి, మూస్తే ఐక్యత పెరుగుతుందన్న వాదన, రేపెప్పుడో ఇబ్బంది రావచ్చునన్న ఊహ, ఇవేవీ గుడిని మూయడానికి తీవ్రమైన కారణాలు కావని స్పష్టం చేసినది. ఇందులో చిన్న విచారణలకు దొరికే అండ ఏమిటంటే, కారణం ఆ గుడికే, ఆ ఊరికే సంబంధించినదై ఉండవలెను. పై నుంచి గీసిన పటం కారణం కాదు.

క్లీవ్‌లండ్‌లో పోలిష్‌వారి వీధి ప్రార్థన

నా మనసుకు ఎక్కువగా హత్తుకున్నది ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లండ్ కథ. మన సరిహద్దు వారు దీనిని కొంచెం శ్రద్ధగా చదవవలెను.

విచారణ సాధారణంగా ప్రదేశాన్ని బట్టి ఉంటుంది. ఈ వీధులవారందరూ ఈ విచారణ, ఆ వీధులవారు ఆ విచారణ. కానీ 518వ శాసనం మరొకదానికి కూడా తావిచ్చినది. భాషను బట్టి, జాతిని బట్టి కూడా విచారణ ఏర్పడవచ్చును. అమెరికా పారిశ్రామిక నగరాలకు వందేళ్ల కిందట వలస వెళ్లిన పోలిష్‌వారు, హంగేరియన్లు, స్లోవాకులు అలా తమ తమ భాషల గుడులను కట్టుకున్నారు. ఉక్కు కర్మాగారాలలో పనిచేసి, కూలి డబ్బులలోంచి మిగిల్చి కట్టిన గుడులవి. పిల్లలు తల్లిభాషలో ప్రార్థించడం నేర్చుకున్న చోట్లు. కాలక్రమాన కర్మాగారాలు మూతపడినవి, జనం శివార్లకు పోయారు, వీధులు పలచబడినవి.

2009లో అక్కడి మేత్రాణులు రిచర్డ్ లెన్నన్ సుమారు యాభై విచారణలను మూయడమో కలపడమో చేయనున్నట్లు ప్రకటించారు. 2010 మధ్యకల్లా 224 విచారణలు 174 అయినవి. మూతపడిన వాటిలో ఇటువంటి భాషా విచారణలు పలు ఉన్నవి. పునీత కాసిమిరు గుడి పోలిష్‌వారిది. 2009 నవంబరులో దానికి తాళం పడినది. అక్కడివారు గుడిలోనికి చొరబడలేదు, గొడవ చేయలేదు. ఆదివారం ఆదివారం ఆ మూసిన తలుపుల ఎదుట, వీధి కాలిబాట మీద నిలబడి పోలిష్ భాషలో ప్రార్థించారు. మంచు కురిసినా, వాన కురిసినా మానలేదు. దాదాపు రెండున్నర సంవత్సరాలకు పైగా ఇది సాగినది.

ఆ లోపల వారు, మరికొన్ని విచారణలవారు గడువు తప్పకుండా అప్పీళ్లు వేశారు. 2012 మార్చిలో రోము తీర్పులు వచ్చినవి. పదమూడు విచారణల విషయంలో మేత్రాణుల నిర్ణయాలు చట్టం చెప్పిన విధానం ప్రకారం జరగలేదని, వాటిని కొట్టివేసినది. గురువుల మండలిని వినవలసిన రీతిలో వినకపోవడం, ఆజ్ఞలు జారీ చేయవలసిన పద్ధతిలో చేయకపోవడం వంటి లోపాలు బయటపడినవి. మేత్రాణులు పైకి అప్పీలు వేసే అవకాశం ఉన్నా, వేయనని ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ వేసవిలో కాసిమిరు గుడి తలుపులు తెరుచుకొన్నవి. హంగేరియన్ల పునీత ఎమెరిక్ గుడి కూడా ఆ ఏడే తెరుచుకొన్నది.

గమనించండి. వారు గెలిచినది భాష పేరు చెప్పి కాదు, కన్నీటితోనూ కాదు. కాలిబాట మీది ప్రార్థన వారిని చెదరకుండా కలిపి ఉంచినది, అది నిజం. గెలిపించినది మాత్రం తేదీ, సంతకం, విధానం. మేత్రాణులు అడగవలసిన వారిని అడగలేదన్నదే వారికి ఆధారమైనది.

గృహస్థులను అడిగితే చాలునా?

ఇంతవరకు చదివిన పాఠకులకు, గృహస్థులను కూర్చోబెట్టి అడిగితే ఏ తగాదా ఉండదని తోచవచ్చును. అదీ పూర్తిగా నిజం కాదు. జర్మనీలోని ట్రియర్ మేత్రాసనం ఇందుకు సాక్ష్యం. అక్కడ 2013 నుండి 2016 వరకు గురువులు, గృహస్థులు కలిసి కూర్చున్న మేత్రాసన మహాసభ నడిచినది. దాని తీర్మానాలను అమలు చేసే క్రమంలో మేత్రాణులు 887 విచారణలను కేవలం 35 పెద్ద విచారణలుగా మార్చే పథకం వేశారు. అడగలేదని అనడానికి వీలులేదు. అయినా కొందరు గురువులు, కొందరు గృహస్థులు కలిసి రోముకు ఫిర్యాదు చేశారు. 2019 నవంబరులో రోము దానిని నిలిపివేసినది. 2020లో ఆ పథకాన్ని అదే రూపంలో అమలు చేయరాదని తేలినది.

అనగా మహాసభకు వచ్చిన గృహస్థులు ఒకరు, మారుమూల విచారణలోని గృహస్థులు మరొకరు. ప్రతినిధులను అడిగినంతమాత్రాన ఊరివారిని అడిగినట్లు కాదు. మన పంచాయతీలలోనూ, పాఠశాల సంఘాలలోనూ మనకిది తెలియనిదా!

ట్రియర్ తగాదా నడుస్తున్న రోజులలోనే, 2020 జూలైలో, గురువుల వ్యవహారాల శాఖ మరొక పత్రాన్ని ప్రకటించినది. గురువులు తక్కువగా ఉండడం, మేత్రాసనపు సాధారణ ఆర్థిక పరిస్థితి, కొద్దికాలంలో మారగల స్థానిక పరిస్థితులు, ఇవి ఒక విచారణను రద్దు చేయడానికి వాటంతట అవి చాలవని అందులో చెప్పారు. బల్ల దగ్గర కూర్చుని తయారుచేసిన ప్రణాళికలను విశ్వాసుల మీద మోపరాదన్న హెచ్చరిక కూడా అందులో ఉన్నది. అదే పత్రంలో గృహస్థులకు విచారణ నాయకత్వం అప్పగించే విషయంలో కట్టుబాట్లు గట్టిగా ఉండడం వలన జర్మనీలో చాలామంది నొచ్చుకున్నారు. ఒక చేతితో ఇచ్చి ఒక చేతితో తీసుకొన్నట్లు వారికి తోచినది. నాకూ కొంత అలాగే అనిపించినది.

పది రోజుల గడువు

ఇక అప్పీలు ఎలా చేస్తారో చెప్పవలెను. మా పెద్దాయన ఎక్కువ శ్రద్ధగా విన్నదీ ఈ భాగమే.

ఆజ్ఞ అధికారికంగా తెలిసిన నాటినుండి పది రోజులలోగా, ఆ ఆజ్ఞ ఇచ్చిన మేత్రాణులకే ముందు వ్రాయవలెను, ఆజ్ఞను ఉపసంహరించమని గాని, మార్చమని గాని. నేరుగా రోముకు వ్రాస్తే, ముందు ఈ మెట్టు ఎక్కలేదని తిప్పి పంపవచ్చును. మేత్రాణులు ముప్పై రోజులలో జవాబివ్వవచ్చును, ఇవ్వకపోనూవచ్చును. నిరాకరించిన జవాబు అందిననాటినుండి గాని, జవాబు లేకపోతే ముప్పై రోజులు నిండిననాటినుండి గాని పదిహేను రోజులలోగా రోముకు అప్పీలు చేయవలెను. అక్కడా ఓడితే, అపొస్తలిక సిగ్నతూరా అనే అత్యున్నత న్యాయస్థానం ఉన్నది. ఆ స్థాయిలో శ్రీసభ చట్టం చదివిన న్యాయవాది లేకుండా పని జరగదు, ఖర్చు కూడా తక్కువేమీ కాదు.

పది రోజులు, పదిహేను రోజులు అన్న ఈ రెండు గడువులకూ ఒక వెసులుబాటు ఉన్నది. ఆజ్ఞ తెలియనివారికి, చర్య తీసుకొనే వీలు లేనివారికి ఆ కాలం లెక్కలోనికి రాదు. అయినా దానిమీద భరోసా పెట్టుకోవడం మంచిది కాదు. ఆజ్ఞ ఆదివారం పూజలో చదివితే, ఆ ఆదివారపు తేదీ వ్రాసి పెట్టుకోవలసిందే.

మరొక మెలిక. "గుడి పరిరక్షణ సంఘం" అని పేరు పెట్టుకుని ఆ సంఘం పేరుతో అప్పీలు వేస్తే చెల్లదు. శ్రీసభ గుర్తింపు లేని సంఘానికి ఆ హక్కు లేదని 1987లో రోము వివరణ ఇచ్చినది. కానీ ఆ సంఘంలోని విశ్వాసులు ఎవరి పేరున వారు, లేదా పలువురు కలిసి తమ తమ పేర్లతో సంతకాలు చేసి వేయవచ్చును. ఆ ఆజ్ఞ వలన తమకు నష్టం కలిగినదని చూపగలగవలెను. బోస్టన్‌లోను, క్లీవ్‌లండ్‌లోను ఇటువంటి మెలికలను సామాన్యులకు నేర్పిన గృహస్థుల సంస్థలు కొన్ని పుట్టినవి. క్లీవ్‌లండ్ వారి "ఫ్యూచర్ చర్చ్" అటువంటిదే.

అప్పీలు వేసినంతమాత్రాన ఆజ్ఞ అమలు దానంతట అది ఆగదన్న సంగతి కూడా మరువరాదు. ఆపమని వేరుగా కోరవలెను. ఆ లోపల గంటలు, విగ్రహాలు, రంగు అద్దాలు తరలిపోతే, గెలిచిన తరువాత తిరిగి వచ్చేది ఖాళీ గోడలే. ఇంకొక మాట ఉన్నదున్నట్లు చెప్పవలెనంటే, ఈ అప్పీళ్లలో ఓడినవే ఎక్కువ. క్లీవ్‌లండ్ వంటి గెలుపు అరుదు. అందుకే అప్పీలు కంటే ముందు దశ ముఖ్యమని నా అభిప్రాయం. సభకు పిలిచినప్పుడు పోవడం, పోయినప్పుడు విచారణ లెక్కలు అడగడం, మరమ్మతుకు ఎంతవుతుందో కాగితం మీద చూపమనడం, తాము చెప్పిన మాట మినిట్సు పుస్తకంలో ఎక్కినదో లేదో చూసుకోవడం. రేపు రోములో దస్త్రం తెరిచినప్పుడు కనబడేవి అవే.

ఇక మన సంగతి. మన తెలుగు మేత్రాసనాలలో ఇప్పటి వరుస వేరు. మన గురువులు ఎందరో గురువుల కొరత ఉన్న అమెరికా, ఐరోపా విచారణలకు వెళ్లి సేవ చేస్తున్నారు. అయితే 515వ శాసనం మూయడానికే కాదు, విడదీయడానికి, హద్దులు మార్చడానికి కూడా వర్తిస్తుంది. బళ్లారి, ధర్మపురి, బరంపురం మేత్రాసనాల పరిధిలో ఉండే తెలుగు కుటుంబాలకు చుట్టూ ఉన్న భాష కన్నడమో, అరవమో, ఒడియానో. ఒక పల్లెను ఈ విచారణ నుంచి ఆ విచారణకు మార్చితే, పిల్లలకు జ్ఞానోపదేశం ఏ భాషలో జరుగుతుందో, పాపసంకీర్తనం ఏ భాషలో చెప్పుకోవలెనో కూడా దానితోపాటు మారిపోవచ్చును. ముసలమ్మకు కన్నడంలో తన తప్పులు చెప్పుకోవడం ఎంత కష్టమో, పోలిష్ ముసలమ్మకు ఇంగ్లీషులో చెప్పుకోవడం అంత కష్టం. భాషను బట్టి విచారణ, లేదా కనీసం ఒక పూజ, కోరడానికి చట్టంలో తావున్నదని ఇక్కడివారికి తెలిసి ఉండడం మంచిది.

ఇదంతా పెద్దాయనకు రెండు సాయంత్రాలు కూర్చుని చెప్పాను. ఆయన కొంతసేపు ఊరకుండి, "ఆజ్ఞ ఇంకా రాలేదంట. వచ్చే నెలలో మూడు గుడులోళ్లనీ ఒకచోట కూర్చోబెడతారంట" అన్నారు. తరువాత ఆ రాత్రే ఫాదరుగారికి ఫోను చేశారు. కుశలప్రశ్నలు అయిన తరువాత ఆయన అడిగినది, ఆ సమావేశంలో ఎవరెవరు మాట్లాడినదీ వ్రాసేది ఎవరు, ఆ కాగితం ఊరివాళ్లకు చూపిస్తారా అని. ఫాదరుగారు కనుక్కొని చెబుతామన్నారట.